పోక్సో కేసులో సర్కారు ఇచ్చిన వకీలు: మా అనుభవం, నా రేటింగ్

కోర్టులో ఉచిత న్యాయ సహాయం, మన దగ్గర అందరూ లీగల్ ఎయిడ్ అంటారు, దాని గురించి రాస్తున్నాను. ఐదు స్టార్లకు మూడున్నర. మా కేసు ఇప్పుడు చూస్తున్న వకీలు మేడమ్ ఒక్కరికే ఇవ్వమంటే నాలుగున్నర ఇచ్చేవాడిని. కానీ సర్వీసు అంటే ఆమె ఒక్కరే కాదు కదా, ఆఫీసు ఉంది, కాగితాలు ఉన్నాయి, ఆమె రాకముందు పోయిన నెలలు ఉన్నాయి, అవన్నీ కలిపితే అంతకంటే ఎక్కువ వేయడానికి నాకు మనసు రావడం లేదు.

కేసు మా అక్క కొడుకు మీద. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద. ఏ ఊరు, ఏ కోర్టు, ఎప్పుడు జరిగింది అనేవి రాయను, ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా అనుకోండి చాలు. బాధిత పాప ఎవరో తెలిసే చిన్న ఆధారం కూడా బయటికి రాకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతుంది, చట్టం చెప్పకపోయినా నేను రాసేవాడిని కాదు. మావాడు తప్పు చేశాడా లేదా అన్నది కూడా రాయను, కేసు నడుస్తోంది, అది తేల్చాల్సింది జడ్జి. ఇలాంటి కేసు ఇంటి మీద పడ్డప్పుడు సిగ్గుతో ఎవరినీ అడగలేక ఇంట్లోవాళ్లు ఎంత ఆగమవుతారో దగ్గరగా చూశాను కాబట్టి ఈ సర్వీసు ఎట్లా ఉంటుందో చెప్పాలనిపించింది.

మొదట అందరూ ప్రైవేట్ వకీలు దగ్గరికే పోతారు. మేమూ పోయాం. ఒకాయన కేసు పేరు వినగానే "అది నేను చూడను" అన్నారు, ఇంకొకాయన చెప్పిన ఫీజు మా అక్కవాళ్లకు ఉన్న రెండెకరాలు అమ్మితే తప్ప వచ్చేది కాదు. అప్పుడు తెలిసినాయన ఒకరు లీగల్ ఎయిడ్ అడగమన్నారు. ఆ మాట ఇంట్లో అనగానే మా చిన్నబాపు అన్న మొదటి మాట: "గసోంటి కేసులకు సర్కారు పైసలతోని వకీలా? జనం సొమ్ము గట్ల పెడతరా?" సొంత మనిషే ఆ మాట అన్నాడు, ఇక బయటివాళ్లు ఎన్ని అంటారో మీరే ఊహించుకోండి.

ఆ కోపం నాకు అర్థమవుతుంది, నాకూ ఉంటుంది. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప మీద జరిగిన ఘోరం ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఆగస్టులో ఉరిశిక్ష పడింది, నవంబరులో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. అంత ఘోరమైన కేసులో కూడా శిక్ష నిలబడాలంటే నిందితుడి పక్కన ఒక వకీలు ఉండి తీరాలి, లేకపోతే పై కోర్టులో ఆ తీర్పు నిలవదు. ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించొద్దని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేస్తుంటే, అవి చెల్లవని 2010లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పేదవాడికి ఉచితంగా న్యాయ సహాయం అందించాలన్న మాట 1976లో రాజ్యాంగంలో 39-ఎ అధికరణంగా చేరింది. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అని కూడా అనడానికి లేదు, అడిగినా అడగకపోయినా ఇవ్వాల్సిందే అని 1986లో సుక్‌దాస్ కేసులో తీర్పు వచ్చింది.

ఇక ఆఫీసు సంగతి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, లోపలికి పోగానే ఫ్రంట్ ఆఫీసు అని ఒక టేబుల్. మేము పోయినప్పుడు అక్కడ కూర్చున్నాయన తల ఎత్తకుండానే "ఆదాయ సర్టిఫికెట్ తెచ్చుకోండి" అన్నాడు. మా అక్క పొద్దున్నే మీసేవకు పోయి లైన్లో నిలబడి, అక్కడ సర్వర్ డౌన్ అని మళ్లీ రమ్మంటే తిరిగి వచ్చి, ఇట్లా కొన్ని రోజులు ఊరికే పోయాయి. నిజానికి అది అవసరమే లేదు. ఈ ఉచిత న్యాయ సహాయం గురించిన 1987 చట్టంలో 12వ సెక్షన్ చదవండి: ఎస్సీ, ఎస్టీలు, ఆడవాళ్లు, పిల్లలు, వికలాంగులు, కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లెవరికీ ఆదాయంతో సంబంధం లేదు. జైల్లో ఉన్నాడు అన్న ఒక్క మాట చాలు. ఆదాయం లెక్కన అడిగేవాళ్లకు కూడా మామూలుగా అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది. ఇదంతా మాకు చెప్పింది ఆ టేబుల్ దగ్గరాయన కాదు, పక్కన నిలబడ్డ పారా లీగల్ వాలంటీర్ అమ్మాయి, అంటే వకీలు కాదు, సంస్థ తరఫున జనానికి సాయం చేసే మనిషి. "అక్కా, మీ కొడుకు రిమాండ్‌లనే ఉన్నడు కదా, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఎందుకు, దరఖాస్తు నేను రాస్తా" అని అక్కడే నిలబడి రాసిచ్చింది. దరఖాస్తు అందిన ఏడు రోజుల్లో తేల్చాలని 2010 నిబంధనల్లో ఉంది, మాకు అంతకంటే ముందే వకీలును కేటాయించారు, ఆ విషయంలో పేరు పెట్టడానికి లేదు.

కేటాయింపు తర్వాతే అసలు కథ. ఇప్పుడు రెండు రకాల వకీళ్లు ఉన్నారు. ప్యానెల్ వకీళ్లు పాతవాళ్లు, సొంత ప్రాక్టీస్ చేసుకుంటూ సంస్థ ఇచ్చిన కేసులు కూడా చూస్తారు, కేసుకు ఇంత అని వస్తుంది, అది ఎంత తక్కువో వాళ్లనే అడగండి. రెండోది 2022లో నల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, తెచ్చిన డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి. వీళ్లు నెల జీతం మీద పూర్తి టైమ్ నిందితుల తరఫునే పనిచేస్తారు, బయట ప్రైవేట్ కేసులు తీసుకోకూడదు. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని మూడు మెట్లు. నా లెక్కలో ఇది చాలా మంచి మార్పు, ఎందుకంటే మన వాయిదా ఉన్న రోజే ఆ వకీలుకు ఇంకో కోర్టులో డబ్బులిచ్చే కక్షిదారు ఉండడు.

కానీ వీళ్లది కాంట్రాక్టు ఉద్యోగం. మాకు మొదట ఇచ్చినాయన కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయారు. ఆ స్థానంలో ఇంకొకరు వచ్చేదాకా మా కేసు ఎవరి చేతిలో ఉందో మాకే తెలియదు, పేషీ ఉన్న రోజు ఎవరో ఒకరు లేచి నిలబడి వాయిదా అడిగేవాళ్లు, అంతే. ఈ ఖాళీ నెలల వల్ల ఏం పోయిందో మేడమ్ వచ్చాకగానీ తెలియలేదు.

ఆమె మొదటి రోజు చేసిన పని చెప్తాను. కోర్టు పక్కన జిరాక్స్ షాపు బయట బెంచీ మీద కూర్చుని చార్జిషీట్ మొత్తం మా ముందే చదివారు. పెన్సిల్‌తో ప్రతి తేదీ కింద గీత, ప్రతి టైము చుట్టూ సున్నా. మధ్యలో ఆపి మా అక్కను అడిగారు: "అమ్మా, ఆ సాయంత్రం బాబు ఎటు పోయిండో మీకు తెలుసా?" ఆటోలో పెట్రోల్ పోయించుకోవడానికి బంకుకు పోయిండు అని అక్క చెప్పింది. మేడమ్ పెన్సిల్ కింద పెట్టి "బంకులో కెమెరా ఉంటది కదా. ఇన్ని నెలలల్ల ఎవ్వరూ అడగలేదా?" అన్నారు. ఎవరూ అడగలేదు. పోలీసులు అడగలేదు, మొదటి వకీలు అడగలేదు, మాకు అడగాలని తెలియదు. నేను అదే రోజు బంకుకు పోయి మేనేజర్‌ను అడిగితే, అంత పాత రికార్డింగ్ ఉండదన్నా, పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంటది అన్నాడు.

ఇది చదువుతున్నవాళ్లు ఒక్క విషయం ఆలోచించాలి. ఆ రికార్డింగ్ ఉంటే మావాడు చెప్పింది నిజమైతే నిజమని తేలేది, అబద్ధమైతే అబద్ధమని తేలేది. అబద్ధమని తేలితే ఆ పాపకు ఎంత బలం అయ్యేది! మొదటి వారంలోనే ఒక వకీలు కుదురుగా కూర్చుని చదివి ఉంటే ఇద్దరిలో ఒకరికి న్యాయం తొందరగా దొరికేది. నిందితుడి వకీలుకు పెట్టే పైసలు నిందితుడి జేబులోకి పోవు, నిజం తేల్చడానికి పోతాయి. మా చిన్నబాపుకు నేను ఇదే చెప్పాను, ఆయన ఒప్పుకున్నాడని అనను, కానీ మళ్లీ ఆ మాట అనలేదు.

కెమెరా పోయినా ఫోన్ రికార్డులు ఉన్నాయి. ఫోన్ కంపెనీలు కాల్ వివరాలు కనీసం రెండేళ్లు దాచిపెట్టాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ నిబంధన మార్చింది, అంతకు ముందు ఒక్క ఏడాది దాచితే సరిపోయేది. మేడమ్ టవర్ లొకేషన్ తెప్పించమని కోర్టులో పిటిషన్ వేశారు. దాని మీద ఆర్డర్ ఇంకా రావాలి.

హడావిడిగా నడిపితే ఏమవుతుందో తెలియాలంటే అనోఖిలాల్ కేసు చూడాలి. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో తొమ్మిదేళ్ల పాప హత్య కేసు. నిందితుడికి వకీలును పెట్టిన రోజే అభియోగాలు నమోదు చేశారు, ఆ వకీలుకు ఫైలు చదివే టైము కూడా లేదు, రెండు వారాల్లోపే విచారణ ముగించి 2013 మార్చిలో ఉరిశిక్ష వేశారు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి మొదటినుంచి విచారణ జరపమంది. చివరికి 2024లో అదే ఖండ్వా కోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. అతనికి పదకొండేళ్లు జైలు. ఆ పాప తల్లిదండ్రులకు పదకొండేళ్ల తర్వాత కూడా ఎవరు చేశారో తెలియదు. అప్పుడు సుప్రీంకోర్టు చెప్పిన రెండు మాటలు మీరు గుర్తుపెట్టుకోండి, మీకు పనికొస్తాయి: యావజ్జీవం గానీ ఉరి గానీ పడే అవకాశం ఉన్న కేసుల్లో లీగల్ ఎయిడ్ తరఫున కనీసం పదేళ్ల ప్రాక్టీస్ ఉన్న వకీలునే పెట్టాలి, ఆ వకీలుకు సిద్ధం కావడానికి కనీసం ఏడు రోజులు ఇవ్వాలి. పోక్సోలో తీవ్రమైన సెక్షన్లకు యావజ్జీవం ఉంది, కాబట్టి ఈ మాట మీకూ వర్తిస్తుంది. "మేడమ్, మీ ప్రాక్టీస్ ఎన్నేండ్లు?" అని నేను మొహమాటం లేకుండా అడిగాను, ఆమె ఏమీ అనుకోకుండా చెప్పారు. మీరూ అడగండి.

కోర్టు వరండాలో చూసిన ఇంకో విషయం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఆ పాప వాళ్ల అమ్మ కూడా వాయిదాకు వచ్చి ఒక మూలన కూర్చునేది. ఒక్కతే. చేతిలో పాలిథిన్ కవరు, అందులో కాగితాలు. ఎవరైనా నల్లకోటు అటు పోతే లేచి నిలబడేది. మేము ఆమెతో మాట్లాడకూడదు, అది మావాడి బెయిల్‌కే ప్రమాదం, మాట్లాడటం మర్యాద కూడా కాదు. కానీ పోక్సో చట్టం 40వ సెక్షన్ ప్రకారం పాప కుటుంబం తమకు నచ్చిన వకీలును పెట్టుకోవచ్చు, స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థే ఇవ్వాలి. పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఉంటారు కదా అంటారు, పీపీ సర్కారు తరఫు, ఆయన చేతిలో ఎన్ని కేసులో, ఈ తల్లికి ఏ రోజు ఏం జరిగిందో చెప్పే తీరిక ఆయనకు ఉండదు. నేను ఆ పారా లీగల్ అమ్మాయికి విషయం చెప్పాను, నా పేరు రానీయకుండా ఆమెతో మాట్లాడమన్నాను. తర్వాతి వాయిదాకు ఆ తల్లి పక్కన ఒక ప్యానెల్ వకీలు ఉన్నారు. పెట్టినందుకు సంతోషమే, కానీ ఎవరో చెప్తే తప్ప పెట్టలేదు, దానికి ఒక స్టార్‌లో సగం కోత. అడిగే నోరున్నవాళ్లకు మాత్రమే దొరికే సర్వీసు అయితే అది ఎవరికోసం పెట్టారో వాళ్లకే అందదు.

జైలు దూరం గురించి కూడా చెప్పాలి. నిజాం కాలం నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూలగొట్టి ఖైదీలను వేరే జైళ్లకు పంపించారు. ఆసుపత్రి మనకు కావాల్సిందే, అందులో వాదన లేదు. కానీ వకీలు పొద్దున కోర్టుకు పోయి సాయంత్రం ఆటో ఎక్కి జైలుకు పోయి మాట్లాడి వచ్చే రోజులు పోయాయి. మావాడిని పెట్టిన చోటుకు బస్సు మారి పోవాలి, ములాఖత్‌కు మా అక్క పని మానుకుని పోయి వస్తే ఒక రోజు కూలి గల్లంతు. మొదటి వకీలు జైలుకు పోయి మావాడితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మేడమ్ వీడియోలో మాట్లాడి, తర్వాత బెయిల్ వచ్చాక ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడారు. వీడియోలో పక్కన జైలు సిబ్బంది నిలబడి ఉంటే ఏ పిల్లవాడు మనసు విప్పి చెప్తాడు?

ఇక పైసల మాట. ఉచితం అంటే ఉచితమే, కోర్టు ఫీజు, టైపింగ్, కాపీలు అన్నీ సంస్థే భరించాలి, వకీలు కక్షిదారు దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. మాకు వకీళ్లెవరూ అడగలేదు. కాపీల కోసం పోయిన చోట ఒకతను "చాయ్ పైసలు" అడిగాడు, నేను ఇవ్వలేదు, కాపీ మాత్రం ఆలస్యంగా వచ్చింది.

అమెరికా సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మా చిన్నమ్మ కొడుకు బోస్టన్ దగ్గర ఉంటాడు, ఫోన్‌లో ఈ గొడవంతా చెప్తే అక్కడి పద్ధతి చెప్పాడు, తర్వాత నేనూ వెతికి చదివాను. అక్కడ మసాచుసెట్స్ రాష్ట్రంలో లైంగిక నేరంలో శిక్ష పడ్డవాళ్ల పేర్లు రిజిస్ట్రీలో పెడతారు, మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంత ఉందన్న దాన్ని బట్టి మూడు స్థాయిలు. మొదటి స్థాయివాళ్ల వివరాలు జనానికి చూపించరు, మూడో స్థాయి అయితే ఫొటోతో సహా ఇంటర్‌నెట్‌లో ఉంటుంది, ఇక ఇల్లు అద్దెకు దొరకదు, ఉద్యోగం దొరకదు. ఆ రిజిస్ట్రీ చూసే బోర్డు ముందుగా ఒక స్థాయి చెబుతుంది, ఒప్పుకోకపోతే విచారణ అడగొచ్చు, వకీలును పెట్టుకోలేనివాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇస్తారు. గమనించండి, ఇది శిక్ష పడ్డ తర్వాత! నేరం రుజువైనవాడికి కూడా, ఆ మనిషి ఇప్పుడు ఎంత ప్రమాదకరం అనే ప్రశ్న మీద వకీలు. బోర్డు కూడా స్పష్టమైన, నమ్మదగిన ఆధారాలతో తన మాట రుజువు చేసుకోవాలని 2015లో అక్కడి పై కోర్టు తీర్పు ఇచ్చింది. నాకు ఇది సరైన పద్ధతే అనిపించింది. అందరినీ మూడో స్థాయిలో పడేస్తే నిజంగా భయపడాల్సినవాడు ఆ గుంపులో కనిపించకుండా పోతాడు. వకీలు వాదించి, బోర్డు జవాబు చెప్పుకుని తేలిన స్థాయి అయితే పక్కింట్లో చిన్నపిల్లలున్న తల్లి కూడా దాన్ని నమ్మొచ్చు.

మన దగ్గర 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ మొదలైంది, మొదటిరోజే నాలుగు లక్షలకు పైగా పేర్లు. అది పోలీసులకు మాత్రమే కనిపిస్తుంది. స్థాయి నిర్ణయించే విచారణ మనకు లేదు, కాబట్టి దానికి వకీలు అన్న మాటే లేదు. రేపు ఎప్పుడైనా దాన్ని జనానికి చూపిస్తామంటే, ముందు ఈ వకీలు సంగతి తేల్చమని నేను అడుగుతాను.

అక్కడ కూడా పైసల దగ్గరే చిక్కు వస్తుంది. మసాచుసెట్స్‌లో పేదల తరఫున క్రిమినల్ కేసులు వాదించే ప్రైవేట్ వకీళ్లు, గంటకు 65 డాలర్లు సరిపోవడం లేదని 2025 మే చివర్లో కొత్త కేసులు తీసుకోవడం ఆపేశారు. వకీలు దొరకకపోతే నిందితుడిని ఏడు రోజుల తర్వాత జైల్లో ఉంచొద్దు, 45 రోజులు దాటితే కేసే కొట్టేయాలి అని 2004లో ఆ రాష్ట్రంలోని అన్నిటికంటే పై కోర్టు పెట్టిన నియమం మళ్లీ బయటికి తీశారు. కేసులు కొట్టేస్తుంటే అక్కడి చట్టసభకు టెన్షన్ పట్టుకుని ఫీజు పెంచింది. మన దగ్గర వకీలు లేకపోతే కేసు కొట్టేయరు, మనిషి లోపలే ఉంటాడు, వాయిదా పడుతుంది, అంతే తేడా.

మీకు ఈ అవసరం పడితే ఇవి చేయండి. నల్సా హెల్ప్‌లైన్ 15100, ముందు దానికి ఫోన్ చేయండి. మనిషి కస్టడీలో ఉంటే ఆదాయ కాగితాల కోసం తిరగొద్దు, 12వ సెక్షన్ అని నోటితో చెప్పండి. వకీలు పేరు, ఫోన్ నంబరు కేటాయించిన రోజే రాయించుకోండి. సాయంత్రం ఎక్కడున్నారు, ఏ షాపు, ఏ బంకు, ఏ బస్సు అన్నది మొదటి వారంలోనే ఒక కాగితం మీద రాసి వకీలు చేతిలో పెట్టండి, కెమెరా రికార్డింగ్ భద్రపరచమని పిటిషన్ వేయించండి. బాధితుల వైపు ఉంటే 40వ సెక్షన్ అడగండి, పీపీ ఉన్నారు కదా అంటే వినొద్దు. వకీలు రాకపోయినా, చెప్పకుండా మారిపోయినా, సంస్థ కార్యదర్శికి, ఆయన కూడా జడ్జే, తెల్లకాగితం మీద రాసివ్వండి. ఇచ్చిన దరఖాస్తు జిరాక్స్ మీద తేదీతో ముద్ర వేయించుకునే బయటికి రండి, మేము మొదటి వకీలు పోయాక అట్లా ఇస్తేనే మేడమ్ వచ్చారు.